మావాడి సెకండ్ క్లారినెట్

సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో రెండు చప్పుళ్ళు ఒకేసారి మొదలవుతాయండీ. ఒకటి వంటింట్లో కుక్కరు విజిల్, రెండోది పై గదిలోంచి మావాడి క్లారినెట్. మొదట్లో ఏది ఏదో నాకు తెలిసేది కాదు. మూడు విజిల్స్ వచ్చాయి కదా అని స్టవ్ కట్టేస్తే, తీరా మూత తీశాక పప్పు పలుకు పలుకుగా ఉండేది. "అందులో రెండు నీ కొడుకు వేసినవి" అని మా ఆయన జోకు.

మేముండేది డాలస్ పక్కన. ఇక్కడి బళ్ళలో పిల్లలు ఆరో క్లాసుకి రాగానే బ్యాండో, ఆర్కెస్ట్రానో, కాయిరో, ఆర్టో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మావాడు బ్యాండ్ అన్నాడు. అందులో డ్రమ్స్ అన్నాడు. సగం మంది పిల్లలు డ్రమ్సే అంటారట! ఒక రోజు అందర్నీ పిలిచి, ఫ్లూటు, ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్ అన్నీ వరసగా ఊదించి, పెదాలూ పలువరసా చూసి, "మీవాడికి క్లారినెట్ బాగా కుదురుతుంది" అన్నారు. పెళ్ళిచూపుల్లో జాతకం కుదిరింది అన్నట్టే అన్నారు. సరే అని నెలవారీ అద్దెకి ఒకటి తెచ్చుకున్నాం.

వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ మొహం చిన్నబోయింది. "ఊరేగింపుల్లో బ్యాండు మేళం వాళ్ళు వాయించేదేనటే అది? అమెరికా వెళ్ళి నేర్చుకునేది ఇదా?" అంది. వెనకనుంచి మా నాన్న, "ఎ.కె.సి. నటరాజన్ గారు దానిమీదే కర్ణాటక సంగీతం కచేరీలు చేశారే, నీకేం తెలుసు" అని మనవణ్ణి ఒడ్డున పడేశారు.

అక్కడిదాకా అంతా సరదాగానే ఉంది. నవంబరులో వాడు స్కూలు నుంచి "హాలిడే మ్యూజిక్" అని నాలుగు కాగితాలు తెచ్చాడు చూడండీ, అప్పుడు మొదలైంది అసలు కథ. డిసెంబరులో వింటర్ కన్సర్ట్. వాళ్ళ మొదటి కచేరీ. నా మొదటి తప్పు కూడా.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోవాలి. చిన్నప్పుడు తెనాలిలో నేను నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, కొన్ని నొట్టు స్వరాలు. అంతవరకే. ఇంటికొచ్చిన బంధువు ఒకాయన నాచేత పాడించుకుని, కాఫీ తాగి, "ఇంత సులువైన గీతానికే గొంతు తిరగట్లేదు, ఫీజు దండగ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అమ్మా నాన్నా మానేయమనలేదు. నేనే తర్వాతి వారం కడుపునొప్పి అన్నాను, ఆ తర్వాతి వారం పరీక్షలన్నాను, అలా మానేశాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మావాడికి ఇప్పుడున్న వయసు.

అయినా సరే, ఇంట్లో సంగీతం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కదా! మా ఆయనకి జనగణమనకీ వందేమాతరానికీ మాటలే తేడా, రాగం ఒకటే. అందుకని వాడి కాగితాలు ముందేసుకుని, మా చిన్నదాని కీబోర్డు తెచ్చుకుని కూర్చున్నాను. మొదటిది జింగిల్ బెల్స్. ప్రపంచంలో పిల్లలందరికీ వచ్చిన పాట.

"మొదటి స్వరం ఏంటి?"

"ఇ."

కీబోర్డు మీద ఇ నొక్కాను. వాడు క్లారినెట్‌లో ఇ ఊదాడు. రెండూ కలవలేదు. వాడిది కింద ఎక్కడో ఉంది.

"తప్పు. మళ్ళీ ఊదు."

మళ్ళీ ఊదాడు. మళ్ళీ అదే. వేళ్ళు చూపించాడు, పుస్తకంలో బొమ్మ చూపించాడు. "అమ్మా, ఇదే ఇ" అన్నాడు. "నా చెవులు నాకు చెబుతున్నాయి కదా, అది ఇ కాదు" అన్నాను. ఒక్కటి కాదు, పాటలో ఉన్న ప్రతి స్వరమూ తప్పే. సరే, రెండో కాగితం తియ్యమన్నాను. అది ఇంకా విచిత్రం. ఒకే స్వరం నాలుగు అంకెలు లాగుతాడు. ఆగుతాడు. మళ్ళీ అదే స్వరం. తర్వాత పక్కది. తర్వాత ఏకంగా నాలుగు ఆవర్తాలు ఊరుకుంటాడు.

"ఇందులో పాటెక్కడుందిరా?"

"ఇంతే ఉంది."

నాకు వంట ఆలస్యమవుతోంది, చిన్నదానికి హోంవర్కు ఉంది, తల పగిలిపోతోంది. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. "పైన ఈజీ అని రాశారు కదరా. ఇంత ఈజీది కూడా రాకపోతే ఎలా?"

వాడేం మాట్లాడలేదు. ముక్కలు ముక్కలుగా విప్పి, లోపలి తడి గుడ్డతో తుడిచి, రీడు దాని చిన్న డబ్బాలో పెట్టి, పెట్టె మూశాడు. చాలా నెమ్మదిగా మూశాడు. విసిరేసి ఉంటే నాకు తిట్టడానికి వీలుండేది.

ఆ తర్వాత ఆరింటికి ఒక్క చప్పుడే. కుక్కరుది. పప్పు చక్కగా ఉడికేది. ప్రాక్టీసు కాగితం మీద నా సంతకం కావాల్సినప్పుడు "స్కూల్లోనే వాయిస్తున్నాలే" అనేవాడు. పది రోజుల తర్వాత, కారులో వెనక సీట్లోంచి, కిటికీ వైపు చూస్తూ, "వింటర్ బ్రేక్ తర్వాత ఆర్ట్‌కి మారొచ్చట" అన్నాడు. నాకు తెనాలిలో నా కడుపునొప్పి గుర్తొచ్చింది.

కచేరీకి నల్ల టీషర్టులు సైజుల వారీగా సర్దడానికి తల్లిదండ్రులు కావాలని స్కూలు నుంచి మెయిల్ వస్తే వెంటనే పేరిచ్చేశాను. టీషర్టుల మీద ప్రేమతో కాదు. ఆ బ్యాండ్ టీచరుని పట్టుకుని, వాయిద్యంలో లోపమా, మావాడి చెవిలో లోపమా కనుక్కుందామని. ఆవిడ చాలా మర్యాదగా విన్నారు. నవ్వొస్తే ఆపుకున్నారని ఇప్పుడనిపిస్తోంది. ఏ లోపమూ లేదట. క్లారినెట్ బి ఫ్లాట్ వాయిద్యమట. అంటే అందులో సి అని రాసింది ఊదితే బయటికొచ్చేది పియానో లెక్కలో బి ఫ్లాట్. ట్రంపెట్‌కీ అంతే. ఆల్టో సాక్సఫోన్‌ది ఇంకో లెక్క, అందులో సి ఊదితే ఇ ఫ్లాట్ వస్తుంది. ఫ్లూటుదీ పియానోదీ ఒకటే లెక్క. అందుకని ఒకే పాటని ఒక్కొక్క వాయిద్యానికి ఒక్కొక్క రకంగా రాసి ఇస్తారు. అందరూ తమ కాగితంలో ఉన్నది సరిగ్గా ఊదితే బయట అన్నీ ఒకటవుతాయి. మావాడి ఇ పియానోలో డి అవుతుంది. వాడు ఊదింది అక్షరాలా సరైనదే.

వింటుంటే నాకు చెంపలు వేసుకోవాలనిపించింది. ఎందుకంటారా? ఇది మన సంగీతంలో మొదటి రోజు చెప్పేదే కదండీ! స అంటే ఎక్కడో గోడకి కొట్టిన మేకు కాదు. ఎవరి శ్రుతి వాళ్ళది. మా టీచరుగారు ఐదు శ్రుతిలో పాడేవారు, ఆవిడ తమ్ముడు ఒకటిలో పాడేవారు. ఇద్దరిదీ స నే. నాలుగేళ్ళు శ్రుతిపెట్టె పక్కన కూర్చున్న నేను, కొడుకు దగ్గరికొచ్చేసరికి కీబోర్డే ప్రమాణం అనుకున్నాను.

"మరి ఆ రెండో పాటలో పాటే లేదు కదా?" అన్నాను, ఇంకా పూర్తిగా ఓడిపోవడం ఇష్టం లేక. ఆవిడ స్కోరు తెరిచి చూపించారు. అందరి భాగాలూ ఒకదాని కింద ఒకటి వేసి ఉండే పెద్ద పుస్తకం అది. మావాడిది సెకండ్ క్లారినెట్. పాట అప్పుడు ఫ్లూటుల దగ్గరా ఫస్ట్ క్లారినెట్ల దగ్గరా ఉంది. వీళ్ళు దాని కింద నిలబడి మోస్తారు. వీళ్ళు ఊరుకునే నాలుగు ఆవర్తాల్లో ట్రాంబోన్లు పాట అందుకుంటాయి.

ఆ అరగంటలో నేను తెలుసుకున్న సంగతులు మీకూ చెబుతాను, మీ పిల్లలెవరైనా ఇలాంటి కాగితాలు తెస్తే పనికొస్తాయి. బ్యాండ్ సంగీతానికి గ్రేడ్లుంటాయి, అర నుంచి ఆరు దాకా. మావాళ్ళది అర. ఆ లెక్కలో రాసేవాళ్ళకి చేతిలో ఉండేది దాదాపు ఐదారు స్వరాలే. పిల్లలు మొదట నేర్చుకునే ఐదు. మన లెక్కలో స నుంచి ప దాకా. జింగిల్ బెల్స్ పల్లవి సరిగ్గా ఆ ఐదింట్లో ఇమిడిపోతుంది, అందుకే ప్రతి డిసెంబరులోనూ ప్రతి బడిలోనూ అదే. జేమ్స్ పియర్‌పాంట్ అనే ఆయన 1857లో అచ్చువేయించిన పాట అది. తమాషా ఏంటంటే పాటలో క్రిస్మస్ అన్న మాటే లేదు, మంచులో గుర్రపు బండి షికారు గురించి అంతే. మా డాలస్ పిల్లలు అరచేతుల చొక్కాలేసుకుని, ఏసీ కింద కూర్చుని, ఎన్నడూ ఎక్కని మంచుబండి మీద పాట వాయిస్తారన్నమాట! పాత పాట కాబట్టి ఎవరి హక్కులూ అడ్డురావు, ఎవరైనా పిల్లలకి తగ్గట్టు సర్ది రాసుకోవచ్చు. పైగా తెలిసిన పాటైతే తప్పు ఊదినప్పుడు పిల్లలకి వాళ్ళంతట వాళ్ళకే తెలుస్తుంది.

క్లారినెట్‌లో కింది స్వరాల నుంచి పై స్వరాలకి వెళ్ళేచోట ఒక గండం ఉంది. దాదాపు ఏ వేలూ ఆనించని స్వరం నుంచి ఒక్కసారిగా అన్ని వేళ్ళూ మూసే స్వరానికి దూకాలి. ఒక్క రంధ్రం సరిగ్గా మూయకపోయినా కీచుమంటుంది. అందుకని ఈ సులువు పాటల్లో క్లారినెట్ పిల్లల్ని ఆ గండం దాటించరు, కిందే తిప్పుతారు. ట్రంపెట్ వాళ్ళకి పెదాలు త్వరగా అలిసిపోతాయి, అందుకని వాళ్ళని పైకి ఎక్కించరు, మధ్యలో విశ్రాంతి ఇస్తారు. ట్యూబా ఊదేవాడికి గాలి ఎక్కువ కావాలి, వాడికి ఊపిరి తీసుకునే చోటు చూసి రాస్తారు. ఒక స్కూల్లో ట్యూబానే ఉండకపోవచ్చు, అందుకని అదే భాగం ఇంకో ఇద్దరి దగ్గర కూడా పెడతారు. ఒక పిల్లకి జ్వరమొచ్చి రాకపోయినా పాట కూలిపోదు. మళ్ళీ ఎవరికీ అన్యాయం జరగకుండా అందరికీ ఎక్కడో ఒకచోట నాలుగు ముక్కలు అసలు పాట దొరికేలా చూస్తారు.

అంటే పైన రాసిన ఆ "ఈజీ" అన్న మాటకి అర్థం, ఎవరైనా చేసేయగలరు అని కాదన్నమాట. ఎవరూ మిగిలిపోకూడదు అని. మా అత్తయ్యగారు ఇంటికి నలభై మంది భోజనానికొస్తే కారం తినలేని పిల్లలకి వేరుగా, పళ్ళు లేని ముసలాళ్ళకి మెత్తగా, అన్నీ ఆలోచించి వండుతారు. తిన్నవాళ్ళకి మాత్రం "ఏముంది, పప్పు, కూర, చారు" అనిపిస్తుంది. అలాంటి వంట ఇది.

ఇంటికొస్తూ దారంతా నొట్టు స్వరాలు గుర్తుచేసుకున్నాను. ముత్తుస్వామి దీక్షితార్ ఈస్టిండియా కంపెనీ వాళ్ళ బ్యాండు ట్యూన్లు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారని మా టీచరుగారు చెప్పేవారు. "సంతతం పాహిమాం" వరస బ్రిటిషు వాళ్ళ రాజగీతానిదే. అన్నీ మన శంకరాభరణం స్వరాల్లో, గమకాల బరువు లేకుండా. అందుకే చిన్నపిల్లలకి చెబుతారు. రెండు వందల ఏళ్ళ క్రితం అంత పెద్ద వాగ్గేయకారుడు బ్యాండు పాటల్ని చిన్నచూపు చూడలేదు. నేనూ మా అమ్మా మాత్రం చూశాం!

ఆ రాత్రి వాడి గదికి వెళ్ళాను. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం మనకెవరూ నేర్పలేదు కదా. మంచం చివర కూర్చుని దుప్పటి సర్దుతూ చెప్పాను. "నాన్నా, ఆ రోజు నువ్వు ఊదిందే కరెక్టు. నేనే తప్పు. క్లారినెట్ లెక్క వేరట."

"నాకు తెలుసు" అన్నాడు.

"తెలుసా? మరి చెప్పలేదేం?"

"మిస్ ముందే చెప్పింది. కానీ నువ్వు చిన్నప్పుడు మ్యూజిక్ నేర్చుకున్నావు కదా. నువ్వు కాదన్నావంటే నేనే ఏదో తప్పు చేస్తున్నాననుకున్నా."

చూశారా! రోజూ చెప్పే టీచరు మాటా, పుస్తకంలో బొమ్మా పక్కన పెట్టి నా మాట నమ్మాడు. నేనేమో వాడి మాట ఒక్క నిమిషం నమ్మలేదు. దీనికంటే వాడు నామీద అరిచి ఉంటే బాగుండేది.

"ఇంకోటి కూడా" అన్నాను. "ఈజీది కూడా రాదా అన్నాను. అలా అనకూడదు. నన్నూ చిన్నప్పుడు ఒకాయన అలాగే అన్నాడు. నేను మానేశాను." వాడు లేచి కూర్చున్నాడు. "హూ?" అన్నాడు, వెళ్ళి కొట్టొచ్చేలా. అప్పుడు కాస్త నవ్వాం.

మర్నాడు ఆరింటికి స్టవ్ కట్టేసి పైకెళ్ళాను. ఫోన్లో తంబురా యాప్ పెట్టి శ్రుతి ఆరున్నరకి తిప్పాను. మన లెక్కలో ఆరున్నర అంటే వాళ్ళ బి ఫ్లాటే. వాడి సి, నా స ఒకటయ్యాయి. "నువ్వు నీ సెకండ్ వాయించు, నేను పాట పాడతాను" అన్నాను. పాడాను అంటే స్వరాలే. ఎన్నేళ్ళయిందో గొంతు విప్పి! మొదటి ఆవర్తం గరగరగా వచ్చింది. వాడు అదే స్వరం పట్టుకుని నిలబడ్డాడు, ఆ రోజు నాకు తలనొప్పి తెప్పించిన స్వరమే. నేను గాంధారం మీదుంటే వాడు కింద షడ్జమం మీదున్నాడు. రెండూ కలిసిన చోట గదిలో గాలి నిండుగా అయినట్టనిపించింది. చిన్నది కూచిపూడి క్లాసు గజ్జెలు తెచ్చి మంచుబండి గంటలన్నట్టు ఊపింది, తాళం లేకుండా. వాడు ఊరుకునే నాలుగు ఆవర్తాల్లో ఏం చేస్తాడో అప్పుడు చూశాను. ఊరుకోడు. పెదాలు కదుపుతూ లెక్కపెడతాడు. ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు... నా వైపు కూడా చూడడు.

కచేరీ రోజు స్కూలు కెఫెటీరియా నిండిపోయింది. ఇక్కడ మొదటి ఏడాది ఏ వాయిద్యం క్లాసు దానికే విడిగా ఉంటుంది, అందరూ కలిసి వాయించింది అంతకుముందు కొన్నిసార్లే. హనుక్కా పండగ పాట ఒకటి, చలికాలం పాట ఒకటి, జింగిల్ బెల్స్, ఇంకొకటి. ఏదీ రెండు నిమిషాలు దాటలేదు. నిజం చెప్పాలంటే జింగిల్ బెల్స్‌లో గుర్రం బాగా అలిసిపోయినట్టే నడిచింది. ట్రాంబోన్లు ఒక అంకె ఆలస్యంగా లేచాయి. ఎవరిదో క్లారినెట్ గట్టిగా కీచుమంది. మావాడిది కాదనుకుంటాను, అయినా ఫర్వాలేదు. మా ఆయన తీసిన వీడియోలో ముందు వరసాయన బట్టతల తప్ప ఏం లేదు.

నేను మాత్రం మావాడి పెదాలే చూస్తూ కూర్చున్నాను. లెక్కపెడుతున్నాడు. నాలుగో ఆవర్తం చివర పిల్లలంతా ఊపిరి తీసుకుని ఒకేసారి వాయిద్యాలు ఎత్తారు. నా ఊపిరి అప్పటిదాకా ఆగే ఉందని అప్పుడు తెలిసింది.

బయటికొచ్చాక కారు దగ్గర అడిగాడు. "అమ్మా, నా పార్ట్ వినిపించిందా?"

వినిపించింది నాన్నా, బ్రహ్మాండంగా ఉంది అనడం ఎంత సులువు! కానీ అబద్ధం. వాణ్ణి మళ్ళీ మోసం చేయాలనిపించలేదు. "లేదురా" అన్నాను. "చాలా ప్రయత్నించాను. అందరితో కలిసిపోయింది, విడిగా వినిపించలేదు."

మొహం వెలిగిపోయింది. "యెస్! వినిపించకూడదు. విడిగా వినిపిస్తే తప్పని మిస్ చెప్పింది!"

అదండీ సంగతి. వాడు జనవరి తర్వాత ఏం చేస్తాడో ఇంకా చెప్పలేదు. ఆర్ట్ ఫారం మాత్రం ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద అలాగే ఉంది, నింపలేదు, చింపలేదు. నేను అడగట్లేదు. మీ ఇంట్లో కూడా పిల్లలు ఇలాంటి కాగితాలు తెస్తే కీబోర్డుతో పోల్చి చూడకండి. "నీది ఏ పార్టు?" అని అడగండి. వాళ్ళు కింద స్వరం పట్టుకుంటే మీకు తెలిసినంతలో పైన పాట పాడండి. గొంతు గరగరలాడినా ఏం పర్లేదు, ఫీజు దండగ అనే బంధువులు ఇక్కడెవరూ లేరు.

ఇదిగో, పైనుంచి ఏదో కూసింది. కుక్కరైతే కాదు, ఇవాళ ఇంకా పొయ్యి వెలిగించలేదు.